ఒక చిన్న లోపం

పోయినవారం టైపిస్టమ్మను ఉత్తరాల సార్ గది గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం పోయాం. వారం రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పంపేముందు, కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

ఆ ప్రైవేటు స్కూల్లో ఆమె పదకొండేళ్ళుగా ఉత్తరాలు టైపు చేస్తోంది. పన్నెండో తరగతి పిల్లలు పెద్ద కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంటే, ‘ఈ పిల్లవాడు ఇలాంటివాడు, తీసుకోండి’ అని స్కూలు తరఫున వెళ్ళే సిఫారసు ఉత్తరాలవి. మార్కులు ఒక ఎత్తు, ఆ ఉత్తరం ఒక ఎత్తు. వాటిని చెప్పి రాయించడానికే స్కూలు ఒక పెద్దమనిషిని పెట్టుకుంది. ఆయనే ఉత్తరాల సార్. పాఠం చెప్పడు, పరీక్ష పేపర్లు దిద్దడు. ఏడాదికి నలభై చిల్లర ఉత్తరాలు చెబుతాడు, అంతే. ఆయన దగ్గర ఒక సూత్రం ఉంది: అన్నీ పొగడ్తలే ఉంటే ఎవడూ నమ్మడు కాబట్టి ప్రతి ఉత్తరంలోనూ ఒక చిన్న లోపం రాయాలి.

టైపిస్టమ్మ కూతురు చదివింది మాత్రం రోడ్డుకి అవతల ఉన్న గవర్నమెంటు స్కూల్లో. చదువులో ఫస్టు. వాదించడంలో కూడా ఫస్టే కాబట్టి ఇంట్లో అందరూ ప్లీడరు అని పిలుస్తారు. ఆ స్కూల్లో ఉత్తరాల కోసం వేరే మనిషి ఎవరూ లేరు. మూడువందల పన్నెండు మంది పిల్లలకీ హెడ్‌మిస్ట్రెస్ ఒక్కతే రాయాలి. “నీకు రోజూ చేసే పనేగా, నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను” అందావిడ. టైపిస్టమ్మ మూడు రోజులు కూర్చుని రాసింది. సార్ సూత్రం మరిచిపోలేదు.

సోమవారం జాబితా వచ్చింది. ప్రైవేటు స్కూలు నుంచి నలభై ఒక్కమంది దరఖాస్తు పెడితే పంతొమ్మిది మందికి సీట్లొచ్చాయి. ప్లీడరుకి రాలేదు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు మాత్రం తనదే. సీటొచ్చిన ప్రతివాళ్ళూ ఈ రోజు సాయంత్రం నాలుగింటిలోగా చేరుతున్నట్టు ఉత్తరం ఇవ్వాలి. ఏ ఒక్కరు ఇవ్వకపోయినా ఆ సీటు ప్లీడరుది. వెయిటింగ్ లిస్టు వాళ్ళు ఆ వేళకి కాలేజీలో హాజరుగా ఉండాలి. కూతురి పక్కన ఉందామని టైపిస్టమ్మ సగం రోజు సెలవడగడానికి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కూతురి ఉత్తరం సార్ బల్ల మీద ఉంది.

“రండమ్మా, రండి. తలుపు దగ్గరగా వేసి కూర్చోండి,” అన్నాడు సార్.

ఆయన ఎవరినీ నువ్వు అనడు. పదకొండేళ్ళలో ఆయన గొంతు పెంచగా ఆమె వినలేదు. ఆ గదిలో రెండు కుర్చీలుంటాయి. తల్లిదండ్రులు కూర్చునే మెత్తటి కుర్చీ ఒకటి, టైపిస్టు డిక్టేషను తీసుకునే చెక్క కుర్చీ ఒకటి. ఆమె అలవాటు కొద్దీ చెక్క కుర్చీ వైపు నడిచింది.

“అటు కాదు, ఇటు. ఇవాళ మీరు పేరెంటు.”

మెత్తటి కుర్చీలో కూర్చున్నాక ఆమెకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి మందంగా, స్కూలు ముద్ర చేతికి తగిలేట్టు ఉబ్బెత్తుగా అచ్చేసినది. రెండోది వెనక అక్షరాలు ముందుకి కనిపించేంత పల్చటిది. ఆయన మందపాటి కాగితాన్ని ఆమె వైపు తోశాడు.

“మూడో పేరా చదవండి. పైకే చదవండి.”

అది లిఫ్టుబాబు ఉత్తరం. వాళ్ళ తాతగారు స్కూలుకి లిఫ్టు పెట్టించాడు కాబట్టి స్టాఫు రూములో ఆ పిల్లవాడి పేరు లిఫ్టుబాబు. టైపిస్టమ్మ చదివింది. “‘తప్పనిపిస్తే ఉపాధ్యాయులతోనైనా వాదిస్తాడు. తేలేదాకా వదలడు. ఒక్కోసారి ఇది క్లాసుకి ఇబ్బంది కలిగించే మాట నిజమే.’”

“బాగుంది. ఇప్పుడిది.”

పల్చటి కాగితం ఆమె చూడక్కర్లేదు, కళ్ళు మూసుకుని చెప్పగలదు. “‘తప్పనిపిస్తే ఉపాధ్యాయులతోనైనా వాదిస్తుంది. తేలేదాకా వదలదు...’” అక్కడితో ఆగిపోయింది.

“పూర్తి చెయ్యండి.”

“‘ఒక్కోసారి ఇది క్లాసుకి ఇబ్బంది కలిగించే మాట నిజమే.’”

దొరికిపోయానని ఆమెకి అర్థమైంది. “తప్పయిపోయింది సార్. మీ మాట దొంగిలించాను. పిల్ల భవిష్యత్తని...”

“దొంగతనమా? ఛఛ.” సార్ హాయిగా నవ్వాడు. “మనవాడు క్లాసులో నోరు తెరిచేది ఆవలించడానికి. వాడి విషయంలో అది పచ్చి అబద్ధం. మీ అమ్మాయి విషయంలో నిజమేనట కదా? అయితే దొంగిలించింది నేనే అవుతాను. దాని గురించి కాదు మిమ్మల్ని కూర్చోమంది. ఆ పక్కన ఆకుపచ్చ సిరాతో ఏముందో చూడండి.”

రెండు కాగితాల మీదా, ఆ వాక్యానికి ఎదురుగా, అంచున చిన్న అక్షరాలున్నాయి.

“కాలేజీ కమిటీ వాళ్ళు చదివేటప్పుడు అలా రాసుకుంటారు. మన స్కూలు ఉత్తరాలకి మాత్రం ఏటా కాపీలు పంపిస్తారు, వచ్చే ఏడు ఇంకా బాగా రాస్తామని. మీ అమ్మాయిది నేనే అడిగి తెప్పించాను. నాకూ సరదాగా అనిపించింది.”

లిఫ్టుబాబు ఉత్తరం పక్కన ‘స్వతంత్ర బుద్ధి. తప్పక తీసుకోవాలి’ అని ఉంది. ప్లీడరు ఉత్తరం పక్కన ‘క్రమశిక్షణ సమస్య. హాస్టల్లో గొడవలు రావచ్చు. ఆపండి’ అని ఉంది.

ఆమె రెండూ మళ్ళీ చదివింది. చదవడంలో తనదే ఏదో పొరపాటేమోనని మూడోసారి కూడా చదివింది. “ఒకే మాట కదా సార్,” అంది.

“అక్షరం తేడా లేదు,” అన్నాడు సార్. తల్లిదండ్రులకి చెప్పేటంత ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. “చూడండమ్మా. నేను ఒక పిల్లాడికి వంక పెట్టాననుకోండి, వాళ్ళేమనుకుంటారు? ఈయన ఉన్నదున్నట్టు చెప్పే మనిషి అనుకుంటారు. పంతొమ్మిదేళ్ళుగా నన్ను చదువుతున్నారు మరి. నేను పెట్టిన వంక వల్ల నేను రాసిన పొగడ్తలన్నీ నిజమైపోతాయి. మీ హెడ్‌మిస్ట్రెస్‌గారి ఉత్తరాలెలా ఉంటాయి? ‘నడవడిక మంచిది. కష్టపడి చదువుతుంది.’ రెండే ముక్కలు. మూడొందల మందికీ అవే, పేరు మారుతుందంతే. అలాంటావిడ, సర్వీసు మొత్తంలో మొదటిసారి, ఒక పిల్ల వాదులాటల మనిషని రాసింది. వాళ్ళేమనుకోవాలి? ఈవిడ చేత కూడా రాయించిందంటే ఆ పిల్ల ఇంకెంత రాక్షసో అనుకోరూ?”

టైపిస్టమ్మ పల్చటి కాగితాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

“పోయినేడు అదే స్కూలు నుంచి ఒకమ్మాయికి సీటొచ్చింది, గుర్తుందా? మార్కులు మీ అమ్మాయికంటే తక్కువ. ఉత్తరంలో ఆ రెండు ముక్కలే. దాన్నీ తెప్పించి చూశాను, పక్కన కమిటీ ఏమీ రాయలేదు. అలాంటి స్కూలు పిల్లలకి పక్కన ఖాళీగా ఉండటమే మంచిది.”

“అంటే, నేనేమీ రాయకుండా మేడమ్‌నే రాయనిచ్చి ఉంటే...”

“ఈపాటికి పిల్ల హాస్టలుకి పెట్టె కొంటూ ఉండేవారు,” అన్నాడు సార్.

వంటింట్లో పీట మీద కూర్చుని మూడు రోజులు రాసింది. ‘ఇబ్బంది’ అనాలా ‘చికాకు’ అనాలా అని ఒక మధ్యాహ్నమంతా ఆలోచించింది. ఆ మాట కుదిరినప్పుడు ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది. ఆ వీధిలో ఇంకే తల్లయినా ఇలా చేసేది కాదు, ఎందుకంటే ఇంకే తల్లికీ సార్ సూత్రం తెలియదు. పదకొండేళ్ళు కష్టపడి నేర్చుకున్న పనితోనే కూతురి కొంప ముంచింది.

“సార్, మీరు ఒక్క ఫోన్ చేసి చెబితే వాళ్ళు వింటారు.”

“వింటారు. కానీ నేను మన పిల్లల గురించే చెప్పాలి కదమ్మా. అందుకే కదా నన్ను పెట్టుకుంది.” ఆయన గడియారం చూసుకున్నాడు. “అన్నట్టు సెలవుకి వచ్చినట్టున్నారు. తీసుకోండి. ఇలాంటప్పుడు పిల్ల పక్కన తల్లి ఉండాలి.”

ఆమె దండం పెట్టబోయింది. అంతలో ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. అడుగున లిఫ్టుబాబు తండ్రి సంతకం ఉంది, పైన ఖాళీ.

“ఎలాగూ అక్కడికే వెళ్తున్నారు. దీని మీద రెండు లైన్లు కొట్టి, పట్టుకెళ్ళి కౌంటర్లో ఇచ్చెయ్యండి. మనవాడు చేరుతున్నట్టు.”

“ఆ బాబు వేరే కాలేజీకి వెళ్తున్నాడు కదా సార్? ఆదివారం ప్రయాణమని వాళ్ళమ్మగారు నిన్న స్టాఫు రూముకొచ్చి చెప్పారు.”

“అవును, వాడికి ఇంతకంటే పెద్దదాంట్లో వచ్చింది. ఇక్కడ చేరడు.”

“మరి?”

“శనివారం మన బ్రోచరు ప్రింటుకి పోతోంది. అందులో పంతొమ్మిది అని ఉంది. ఇవాళ వదులుకుంటే పద్దెనిమిదవుతుంది. పక్క వీధి స్కూలుకి కూడా పద్దెనిమిదే వచ్చాయి. వాళ్ళూ మనమూ ఒకటేనా? అచ్చయ్యాక, సోమవారం నాడు, రావట్లేదని ఇంకో ఉత్తరం రాద్దాం.”

“సోమవారానికి వెయిటింగ్ లిస్టు ఉండదు సార్. ఇవాళ నాలుగింటితో ఆఖరు.”

“ఉండదు.”

“ఆ సీటు ఇంకెవరికీ రాదు. ఏడాదంతా ఖాళీగా ఉండిపోతుంది.”

“ఉండిపోతుంది,” అన్నాడు సార్, వానొచ్చేలా ఉందని ఆమె అంటే ఔనన్నట్టు.

పదకొండేళ్ళలో మొదటిసారి టైపిస్టమ్మకి ఆ మనిషిని చూస్తే ఒళ్ళు మండింది. “నేను కొట్టను సార్. ఇంకెవరిచేతైనా కొట్టించుకోండి.”

ఆయనకి కోపం రాలేదు. పల్చటి కాగితాన్ని తీసుకుని, అంచులు కలిసేట్టు జాగ్రత్తగా మడతపెట్టాడు. “ఇది మీరు రాశారని నాకు తెలుసు. సంతకం పెట్టినావిడకి తెలుసు. తల్లి రాసుకున్న సిఫారసని కాలేజీకి తెలిస్తే దరఖాస్తే కొట్టేస్తారు. మీ అమ్మాయి ఇక ఈ జన్మలో అక్కడ అడుగుపెట్టదు. ఆవిడ రిటైర్మెంటుకి ఇంకా ఏడాది కూడా లేదట. ఈ వయసులో ఎంక్వయిరీలూ అవీ అంటే, పాపం. నేనెవరితోనూ అనను లెండి, నేనలాంటి మనిషిని కాదు.” మడత కాగితాన్ని జేబులో పెట్టుకుని, వేలితో చెక్క కుర్చీ చూపించాడు. “డిక్టేషను తీసుకోండి.”

ఆమె లేచి చెక్క కుర్చీలో కూర్చుంది. రెండు లైన్లు. ‘మా అబ్బాయి తమ కాలేజీలో చేరుతున్నాడని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను.’ తన గదికి వెళ్ళి టైపు చేసింది. ఎక్కడో ఒక తప్పు పడుతుందని, కాగితం పాడవుతుందని లోపల ఆశ పడింది. ఆ వేళ్ళకి తప్పు చేయడం చేతకాదు. మొదటిసారే శుభ్రంగా వచ్చింది. సార్ ఒకసారి చూసి, స్కూలు కవరులో పెట్టి, తనే అంటించి ఇచ్చాడు. “ఆల్ ది బెస్ట్ అని చెప్పండి మీ అమ్మాయికి.”

కాలేజీకి రెండు బస్సులు మారాలి. దారి పొడుగునా ఆమె ఒడిలో బ్యాగు, బ్యాగులో కవరు. బస్సులో మరిచిపోయానంటే? ఎవరో లాక్కుపోయారంటే? ఏ అబద్ధమాడినా చివరికి సార్ జేబులో ఉన్న కాగితం దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఆమెకి జీవితంలో ఎవరినీ తిట్టాలనిపించలేదు గానీ, ఆ బస్సులో కూర్చుని సార్‌ని, లిఫ్టుబాబుని, వాళ్ళ తాతని, ఆ లిఫ్టుని కూడా వరసపెట్టి తిట్టుకుంది. తర్వాత తనని తాను తిట్టుకుంది.

అడ్మిషన్ల హాల్లోకి అడుగుపెట్టేసరికి మూడూ నలభై. గోడ మీద పెద్ద బోర్డు, ఒకటి నుంచి నూట ఇరవై దాకా అంకెలు, ఉత్తరం వచ్చిన ప్రతి అంకెకీ ఎర్ర టిక్కు. ఒకదానికొకటి బిగించిన స్టీలు కుర్చీల్లో వెయిటింగ్ లిస్టు పిల్లలూ, వాళ్ళ పెద్దవాళ్ళూ. ముందు వరసలో ప్లీడరు, ఇస్త్రీ నలగకుండా నిటారుగా కూర్చుని ఉంది. రెండు కుర్చీలు వదిలి, పొద్దుటి నుంచి పిల్లకి తోడుగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ తలొంచుకుని ఉంది.

“అమ్మా, ఇటు!” ప్లీడరు చెయ్యి ఊపింది. “బోర్డు చూశావా? నూట పంతొమ్మిది టిక్కులు! ఒక్కటే మిగిలింది, తొంభై రెండు. ఎవడో గానీ ఇంకా రాలేదు. ఇరవై నిమిషాలు రాకుండా ఉంటే చాలు, కాళ్ళకి దండం పెడతాను వాడికి.”

“మేడమ్ దగ్గర కూర్చోలేదేం?”

“నేను ఆవిడతో మాట్లాడటం లేదు.” ప్లీడరు గొంతు తగ్గించాననుకుంది గానీ వెనక వరస దాకా వినిపించింది. “ఉత్తరంలో నా గురించి ఏం రాసిందో తెలుసా? అందరితో వాదిస్తానట, క్లాసుకి ఇబ్బందట. పొద్దున లోపల అడ్మిషన్ల ఆఫీసరే చదివి వినిపించాడు. నా మొహమ్మీదే! బయటికొచ్చి అడిగితే, ‘అవునమ్మా, నేనే రాశాను, తప్పయిపోయింది’ అంటోంది. ఇన్నేళ్ళూ తల్లీ తల్లీ అని పిలిచి లోపల ఇంత విషం పెట్టుకుంది. పగవాళ్ళు కూడా అలా రాయరమ్మా.”

హెడ్‌మిస్ట్రెస్ తలెత్తి టైపిస్టమ్మను చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. “రామ్మా, కూర్చో. పొద్దుటి నుంచి పిల్ల ఏమీ తినలేదు” అంది.

‘అది నేను రాశాను’ అని ఒక్క మాట అంటే చాలు. టైపిస్టమ్మ పెదవులు కదిలాయి. కూతురు ఆశగా బోర్డు వైపు చూస్తోంది, ఆ ముఖం తన వైపు తిరిగి ‘పగవాళ్ళు’ అన్న మాట మళ్ళీ అంటే తట్టుకోలేదు. ఆమెకి తనంటే తనకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు. హెడ్‌మిస్ట్రెస్ వైపు చూడకుండా కూతురి పక్కన కూర్చుంది.

మూడూ నలభై ఎనిమిది. ప్లీడరు తల్లి చేతిని గట్టిగా పట్టుకుంది. “నీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది? నువ్వు పక్కనుంటే నాకేం భయం లేదమ్మా, నువ్వూ భయపడకు.”

కవరు ఇస్తే ఇప్పుడే పోతుంది సీటు. ఇవ్వకపోతే రేపో ఎల్లుండో పోతుంది, మేడమ్ పరువుతో సహా. ఆ రెంటికీ మధ్య ఒక్క రాత్రయినా కూతురు సంతోషంగా నిద్రపోతుంది కదా అని టైపిస్టమ్మ ఆలోచించింది. అంతకంటే ముందుకి ఆమె బుర్ర పనిచేయలేదు. బ్యాగును ఒడిలోకి లాక్కుని అలాగే కూర్చుంది. మూడూ యాభై రెండు. మూడూ యాభై నాలుగు.

కౌంటరు అద్దం పక్కకి జరిగింది. ఏళ్ళ తరబడి ఆమె చేతి నుంచి కవర్లు అందుకున్న గుమాస్తా మెడ బయటికి చాపాడు.

“అదిగో టైపిస్టమ్మగారు! అక్కడ కూలబడిపోయారేంటండీ? మీ సార్ ఇప్పుడే ఫోన్ చేశారు, ఉత్తరం మీ చేతికిచ్చానని. ఇలా ఇచ్చెయ్యండి, నా పని అయిపోతుంది.”

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ప్లీడరు కౌంటరును చూసింది, తల్లి ఒడిలో బ్యాగును చూసింది. బ్యాగు నోట్లోంచి ప్రైవేటు స్కూలు కవరు అంచు కనిపిస్తోంది. పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది.

“అమ్మా! మీ సార్ చేత నాకు కొత్త ఉత్తరం రాయించావా? మేడమ్ రాసిందాని బదులు?” కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నాకు మాటమాత్రమైనా చెప్పలేదే!”

“కాదు, అది... వద్దమ్మా, ఉండు.”

“సిగ్గెందుకే అమ్మా నీకు!” నవ్వుతూ, ఏడుస్తూ కవరు లాగేసుకుంది. హెడ్‌మిస్ట్రెస్ గబుక్కున లేచి “తల్లీ, ఆగు” అంది. ఆవిడ మాట వినే స్థితిలో పిల్ల లేదు. పరుగున వెళ్ళి, గుమాస్తాకి నమస్కారం పెట్టి, కవరును రెండు చేతులతో అద్దం కిందికి తోసింది.

గుమాస్తా కవరు చించి చదివాడు. బోర్డు మీది తొంభై రెండో అంకె వైపు ఒకసారి చూసుకుని, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ఎదురుగా వెలిగిపోతున్న ముఖాన్ని చూసి అతనికి కూడా ముచ్చటేసింది.

“చేరుతున్నాడన్నమాట, సంతోషం,” అన్నాడు. “ఈ అబ్బాయికి నువ్వేమవుతావమ్మా?”